అట్ట కింద మాట

ఆదివారం సాయంత్రం కూతురు ఇంటికి వచ్చేసరికి దాని జుట్టులో పిండి ఉంది. పాపిట దగ్గర కొంత, చెవి వెనక కొంత, ఒక కనుబొమ్మ మీద కూడా కొంత. తల్లి ఆ సమయంలో ఎవరిదో పెళ్ళి ఫోటోకి వేయాల్సిన అద్దాన్ని వెలుతురుకి పట్టుకుని, మరక ఉందేమోనని చూస్తోంది. అద్దంలోంచే కూతుర్ని చూసింది.

"ఇదేం వాలకమే? పిండిమరలో పడ్డావా?"

"రొట్టెలు చేశామమ్మా! అత్త నాతో పిండి పిసికించింది. చేతులే కాదు, మోచేతులు కూడా వాడాలంట."

"అత్తెవరు?"

"అదేనమ్మా, మా బళ్ళో గంపజుట్టు లేదూ, వాళ్ళమ్మ."

పొద్దున వెళ్ళేటప్పుడు ఆవిడ 'బేకరీ ఆవిడ'. సాయంత్రానికి అత్త అయిపోయింది. కొన్ని ఇళ్ళ మధ్య వరసలు కలవాలంటే తరాలు పడుతుంది. ఇక్కడ ఒక పిండిముద్దకి ఒక్క పూట చాలింది.

తల్లి అద్దాన్ని మెల్లగా బల్ల మీదికి దించింది. "ముందు తల దులుపుకుని లోపలికి రా. బయట దులుపుకో, బయట. ఇక్కడ పటాలున్నాయి."

ఇంటి ముందు గదే వాళ్ళ పటాల కొట్టు. భర్త చెక్క బద్దలు కోసి, మూలలు కలిపి చట్రం బిగిస్తాడు. అద్దం, అట్ట, లోపలి అమరిక ఆమెవి. ఆమె కట్టిన పటంలో వెంట్రుకంత వంకర వెతికినా దొరకదు. అద్దం లోపల ఒక వేలిముద్ర ఉండదు, ఒక దుమ్ము కణం ఉండదు. "మా ఆవిడ పుట్టడమే చేత్తో మూలమట్టం పట్టుకుని పుట్టింది" అని భర్త వచ్చినవాళ్ళందరికీ చెబుతూంటాడు. పొగడ్తో దెప్పో అతనికే తెలియాలి. ఆమె మాత్రం పొగడ్త కింద జమ వేసుకుంటుంది.

ఈ ఆదివారం వ్యవహారమంతా బళ్ళో కొత్తగా వచ్చిన టీచరమ్మ పెట్టింది. ఏటా అమ్మల రోజుకి పిల్లలు కవితలు రాస్తారు. ఏటా అమ్మ దేవతే, అమ్మ చందమామే, అమ్మ కొవ్వొత్తిలా కరిగిపోవాల్సిందే. ఈ టీచరమ్మ ఆ మాటలన్నీ నల్లబల్ల మీద రాసి, ఒక్కొక్కటిగా కొట్టేసి, "వీటికి ఈ ఏడు సెలవు" అందట. ఇంకో చిత్రం కూడా చేసింది. చీటీలు తీయించి పిల్లల్ని జంటలు జంటలుగా కూర్చింది. ఎవరి అమ్మ గురించి వాళ్ళు రాయకూడదు. జంటలో రెండో పిల్ల ఇంటికి వెళ్ళి, ఒక పూట కూర్చుని, ఆ అమ్మని చూసి రాయాలి. చూసిందే రాయాలి. "సొంత అమ్మని మనం చూడం పిల్లలూ, వాడుకుంటాం. పక్కవాళ్ళమ్మ అయితే కనిపిస్తుంది" అందట.

అలా కిందటి ఆదివారం గంపజుట్టు పిల్ల ఈ కొట్టుకి వచ్చి, ఎత్తు పీట మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. తల్లి ఆ పిల్లకి గ్లాసెడు పాలిచ్చింది. అద్దాలు ముట్టుకోవద్దని ఒకే ఒక్కసారి, చాలా మర్యాదగా చెప్పింది. ఆ పిల్ల తర్వాత ఏదీ ముట్టుకోలేదు. మంచి పిల్ల అనుకుంది తల్లి.

ఇప్పుడేమో తన కూతురు జుట్టునిండా పిండితో వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర కూడా అదే కథ. అత్త పొయ్యి తలుపు తీస్తే ఇల్లంతా వెచ్చబడుతుంది. అత్త పాడుతుంది కానీ పాట రాదు. అత్తకి ఉప్పు వేశానో లేదో గుర్తుండదు, నాలిక మీద వేసుకుని చూస్తుంది.

"ఉప్పు వేసింది కూడా గుర్తుండకపోతే బేకరీ ఎలా నడుపుతుందో!" అంది తల్లి.

"రుచి చూస్తుంది కదమ్మా మరి."

భర్త నవ్వాడు. ఆ నవ్వు వైపు తిరిగేసరికి కూతురి మోచెయ్యి తగిలి నీళ్ళ గ్లాసు ఒరిగింది. నీళ్ళు బల్ల మీద సాగి అంచు దాకా వచ్చాయి. పిల్ల నీళ్ళ వైపు చూడలేదు. ముందు అమ్మ మొహం చూసింది.

ఆమె పిల్ల మీద ఎన్నడూ చెయ్యి ఎత్తి ఎరగదు. గొంతు కూడా పెంచదు. చూస్తుంది, అంతే. చూసి, గుడ్డ తెచ్చి, నీళ్ళు అంచు నుంచి మధ్యకి తుడిచి, "చూసుకోవాలి కదా" అంది.

పిల్ల చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"మళ్ళీ నొప్పా?"

"కొంచెం."

అలమరలోంచి మందు సీసా వచ్చింది. డాక్టరు రెండుసార్లు చూసి, పొట్టలో ఏమీ లేదు, అరుగుదల మందు వాడండి అన్నాడు. తల్లి చెంచా నిండా, గీత దాటకుండా వంచి తాగించింది.

"ఆ ఇంట్లో ఏం పడితే అది తిని ఉంటావు" అంది.

బుధవారం టీచరమ్మ ఒక అట్ట సంచి పట్టుకుని కొట్టుకి వచ్చింది. పిల్లలు రాసినవాటిలో కొన్ని పటాలు కట్టించి బడి వరండాలో పెడతారట. శనివారం అమ్మలందరూ వస్తారు, పిల్లలు చదువుతారు.

"మీ అమ్మాయిది ఒకటికి రెండుసార్లు చదువుకున్నానమ్మా" అంది టీచరమ్మ. ఇంకేదో చెప్పబోయి ఆమె మొహం చూసి ఆగింది. "మీరే చదవండి. మీ చేతుల మీదగానే వెళ్తుంది కదా."

టీచరమ్మ వెళ్ళాక తల్లి చేతులు కడుక్కుని, తుడుచుకుని, కూతురి కాగితం తీసింది. దస్తూరి తిన్నగా ఉంది. ఆ తిన్నదనం తను నేర్పిందే.

*పొయ్యి తలుపు తీస్తే అత్త కళ్ళజోడు తెల్లబడుతుంది.*
*అప్పుడు ఎవరూ కనపడరు. అయినా నవ్వుతుంది.*
*పిండిముద్దని పసిపాపలా పడుకోబెట్టి*
*తడిగుడ్డ కప్పుతుంది.*
*బుగ్గ గోక్కుంటే బుగ్గ మీద పిండి.*
*నేను తీసిన రొట్టె మాడిపోయింది.*
*అత్త దాన్ని సగం విరిచి, ఊదుకుని తినేసింది.*
*అక్కడ తప్పు చేస్తే*
*నాకు కడుపు నొప్పి రాలేదు.*

చదివింది. మళ్ళీ పైనుంచి చదివింది. చివరి రెండు వరసల దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి.

తెలుసు, ఇది ఆట. చీటీలో ఆ పేరు వచ్చింది కాబట్టి రాసింది. ఇంకెవరి పేరు వస్తే వాళ్ళ గురించి రాసేది. ఇదంతా తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆగితే ఇంకేం! పదేళ్ళుగా ఆ బుగ్గల మీద ఏం అంటుకున్నా తుడిచింది తను. ఆ పొట్టకి మందు పోసింది తను. ఒక పూట పిండి పిసికించిన మనిషి పొట్టనొప్పి మాన్పించేసిందట. పైగా ఆ సంగతి పటం కట్టాల్సింది కూడా తనే.

మధ్యాహ్నం, ఇంట్లో రొట్టె ఉన్నా కూడా, రొట్టె కోసమని బయల్దేరింది.

బేకరీ రెండు వీధుల అవతల. తలుపు తోస్తే గంట మోగింది. బల్ల వెనక ఆవిడ పొయ్యిలోంచి రేకు లాగుతోంది. కళ్ళజోడు నిజంగానే తెల్లగా ఉంది. నిజంగానే నవ్వుతోంది, ఎవరొచ్చారో కనపడకుండానే.

"ఎవరండీ? ఆగండాగండి, మబ్బు విడవాలి... ఓ, వదినగారా! రండి రండి! మీ పిల్ల బంగారమండీ వదినా. నా దగ్గర వదిలేయండి, పెంచుకుంటాను."

హాస్యమే. తల్లి కూడా నవ్వింది. పెదాలు ఎంత మేరకు సాగాలో అంతే సాగాయి.

నిలబడి చుట్టూ చూసింది. గోడ మీద దేవుడి పటం అద్దం మూల చిట్లి ఉంది. సంచులు ఒకదాని మీద ఒకటి ఎటు పడితే అటు పడి ఉన్నాయి. బల్ల మీద ఒక చెంచా, ఒక దువ్వెన, ఎవరిదో ఒక మేజోడు. ఇంత గందరగోళంలో కూర్చుని తన కూతురు హాయిగా ఉందట.

"మా గంపేమో మీ దగ్గర్నుంచి వచ్చినప్పట్నుంచీ ఒకటే నస" అంది ఆవిడ రొట్టె కాగితంలో చుడుతూ. "గోడ మీదవన్నీ వంకరంట. కుర్చీ ఎక్కి సర్దుతోంది. 'ఆ అమ్మ ఊదితే అద్దంలో మబ్బొస్తుంది తెలుసా' అంటుంది. పొద్దస్తమానం ఆ అమ్మ, ఆ అమ్మ. చివరికి నన్ను కూడా సున్నం కొట్టి నిలబెడుతుందేమో!" అని నవ్వింది. కానీ కాగితం మడత వేస్తున్న చేతులు ఒక క్షణం ఆగాయి.

తల్లికి ఆ ఆగడం కనిపించలేదు. కనిపించినా ఆ పూట లెక్కలోకి వచ్చేది కాదు. తన మంట తనది.

కొట్టుకి తిరిగొచ్చి ఒక్కొక్క కవితకీ అట్ట కోయడం మొదలుపెట్టింది. పటంలో కాగితానికీ అద్దానికీ మధ్య ఒక మందపాటి తెల్ల అట్ట ఉంటుంది. దానికి మధ్యలో కిటికీలా కోస్తారు. ఆ కిటికీలోంచి కాగితం కనిపిస్తుంది, అంచులు మాత్రం అట్ట కిందికి వెళ్ళిపోతాయి. ఎంత కనపడాలి, ఎంత దాగాలి అన్నది కోసేవాళ్ళ చేతిలో పని.

మిగతావన్నీ కోసేసి కూతురిది చివరికి పెట్టింది.

స్కేలు పెట్టి, పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంది. పైన సరిగ్గా, పక్కల సరిగ్గా. కింద చుక్క పెట్టబోయి ఆగింది. కాగితం అడుగున చిన్న ముడత ఉంది. ముడత కనపడకూడదు. అది పని ధర్మం. ముడత పోవాలంటే అడుగు అంచు కాస్త పైకి జరగాలి. ఇంకాస్త. 'తినేసింది' అన్న మాట కింద చుక్క పడింది.

బల్లకి ఆ చివర, జిగురు ఆరడానికి పెట్టిన దేవుడి పటం బోర్లా పడుకుని ఉంది. ఆమె బల్ల మీద ఏ దేవుడైనా బోర్లా పడుకోవాల్సిందే, వీపున మేకులు కొట్టించుకోవాల్సిందే. రోజూ పొద్దున దణ్ణం పెట్టుకునే మనిషే అయినా, ఆ సాయంత్రం ఆమెకి ఆ బోర్లా పడుకోవడం ఎందుకో ధైర్యాన్నిచ్చింది. దేవుడు పటంలోంచే చూస్తాడా, పటం తిరగేస్తే చూడడా? అలా అడిగితే ఆమే నవ్వేది. ఆ పూట మటుకు ఎవరూ అడగలేదు.

కత్తి అట్టలో దిగి, గీత వెంబడే సాగి, మూల దగ్గర సరిగ్గా ఆగింది. కిటికీ ముక్క ఊడి వచ్చింది. అట్టని కాగితం మీద పెట్టి చూసింది. *అత్త దాన్ని సగం విరిచి, ఊదుకుని తినేసింది.* అక్కడితో అయిపోయింది. చక్కగానే ఉంది. ఎవరూ పోల్చలేరు.

అద్దం మీద ఊది, తుడిచి, మూసి, మేకులు కొట్టింది.

"అయిపోయిందా?" అన్నాడు భర్త, చెక్కపొట్టు దులుపుకుంటూ.

"ఆఁ."

"మన పిల్ల ఏం రాసింది?"

"రొట్టెల గురించి."

శనివారం బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గోడకి పటాలు వరసగా, ఒకే ఎత్తున వేలాడుతున్నాయి. ఆమే పొద్దున వచ్చి దారం పట్టి చూసి పెట్టించింది. అమ్మలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. బేకరీ ఆవిడ ఆలస్యంగా, ఉరుకులు పరుగుల మీద వచ్చి, "కాస్త జరుగు వదినా" అంటూ సరిగ్గా ఆమె పక్క కుర్చీలోనే కూలబడింది. ఆవిడ ఒంటి నుంచి వెచ్చని రొట్టె వాసన వస్తోంది. ఈ వాసనేనా, అనుకుంది తల్లి.

ముందు గంపజుట్టు పిల్ల చదివింది. దాని కవిత పటానికి ఎక్కలేదు. కాగితం చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద ఊగుతూ చదివింది.

"పటాలమ్మ అద్దం మీద ఊదుతుంది. అద్దంలో మబ్బు వస్తుంది, పోతుంది. ఎవరి తాతయ్యో, ఎవరి దేవుడో, అందరినీ బోర్లా పడుకోబెట్టి వీపు మీద మేకులు కొడుతుంది. పెన్సిలు కోసం కొట్టంతా వెతికింది. పెన్సిలు చెవి మీదే ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆ కొట్లో నవ్వచ్చో నవ్వకూడదో తెలీక నోరు మూసుకున్నా."

వరండా అంతా నవ్వింది. వెనక వరసలో భర్త అందరికంటే గట్టిగా నవ్వాడు. బేకరీ ఆవిడ మోచేత్తో పొడిచి, "చూశారా నా కూతురు, మీ దగ్గర నోరు మూసుకుందట! మా ఇంట్లో ఒక్క నిమిషం మూస్తే ఒట్టు!" అంది. తల్లి నవ్వుదామనుకుంది. చెయ్యి తెలియకుండానే చెవి దగ్గరికి పోయింది. పెన్సిలు అక్కడే ఉంది. బడికి కూడా పెట్టుకునే వచ్చేసింది.

తర్వాత కూతురు వంతు. అది గోడ దగ్గరికి నడిచి, తన పటం పక్కన నిలబడింది. పటం కట్టాక చూడటం అదే మొదటిసారి. మెల్లగా, మాట మాటా విడదీసి చదివింది. కళ్ళజోడు మాట వచ్చిన దగ్గర బేకరీ ఆవిడ తన జోడు తీసి తుడుచుకుంది. 'బుగ్గ మీద పిండి' అన్నప్పుడు బుగ్గ తడుముకుంది.

"...సగం విరిచి, ఊదుకుని తినేసింది."

పిల్ల కళ్ళు ఇంకా కిందికి వెళ్ళాయి. తెల్ల అట్ట. అక్కడ ఒక క్షణం నిలిచాయి. అంచు వెంబడి ఎడమ నుంచి కుడికి వెళ్ళి వచ్చాయి. అమ్మ కోసిన అంచు. అమ్మ కోత ఎప్పుడూ తప్పదని ఆ వరండాలో అందరికంటే బాగా తెలిసింది దానికే.

"అంతే" అంది పిల్ల.

"అంతే కాదు! ఇంకా రెండు లైన్లున్నాయి కదే! నాకు చదివి వినిపించావుగా!" అని అరిచింది గంపజుట్టు.

అందరూ చూశారు. టీచరమ్మ ఒక అడుగు ముందుకేసి పటం వైపు వంగింది.

"లేవు" అంది కూతురు. "నేనే తీసేశాను. బాగాలేవని." అంటూ ఉండగానే దాని చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్ళింది. వేళ్ళు గౌను మడతని గట్టిగా పట్టుకున్నాయి.

ఆ చెయ్యి తల్లికి కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి కనిపిస్తే అలమరలో మందు సీసా గుర్తొచ్చేది. ఇప్పుడు నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. నీళ్ళ వైపు కాక తన మొహం వైపు తిరిగిన కళ్ళు గుర్తొచ్చాయి. పిల్ల తన కోసం, ఇంతమంది ముందు, తను రాసిన చక్కటి మాటల్నే బాగాలేవంటోంది.

ఎప్పుడు లేచిందో తల్లికే తెలియదు.

"ఉన్నాయి" అంది. "రెండు లైన్లూ ఉన్నాయి. అట్ట కింద పోయాయి. కోత నాది. నేనే తప్పు కోశాను."

"నువ్వా? కోత తప్పడమా?" అన్నాడు భర్త వెనకనుంచి, నమ్మలేక.

ఆమె అటు చూడలేదు. గోడ నుంచి పటం దించి, టీచరమ్మ బల్ల మీద బోర్లా పెట్టి, తాళం చెవితో మేకులు లేపసాగింది. "తర్వాత చూసుకోవచ్చు లెండమ్మా" అంటోంది టీచరమ్మ. ఒక మేకు గోటికి గుచ్చుకుంది. వెనక చెక్క ఊడింది. కాగితం తీసి కూతురి చేతికిచ్చింది.

"వద్దమ్మా" అంది పిల్ల, ఆమెకి మాత్రమే వినపడేలా.

'చదువు' అనబోయింది తల్లి. ఆ మాట నోట్లోనే గట్టిగా, తిన్నగా, మూలమట్టంలా తగిలింది. మింగేసింది.

"నాకు వినాలనుంది" అంది.

పిల్ల చదివింది. అక్కడ తప్పు చేస్తే నాకు కడుపు నొప్పి రాలేదు.

అమ్మల్లో ఒకరిద్దరు బేకరీ ఆవిడ వైపు కాక ఆమె వైపు చూశారు. చూస్తారు మరి. అర్థం కానంత కష్టమైన మాట కాదది. నిలబడి చూడనిచ్చింది.

"అయ్యో, అందులో నా గొప్పేం లేదండీ" అంది బేకరీ ఆవిడ ఉన్నట్టుండి. "ఆ పూట నాకు చచ్చేంత ఆకలేస్తోంది. బొగ్గిచ్చినా తినేద్దును."

నవ్వులు పేలాయి. గాలి వదులైంది. తన పరువు నిలబెట్టింది కూడా ఈవిడే అయింది, అనుకుంది తల్లి. మంట చల్లారలేదు. కాకపోతే ఇప్పుడు అది ఎవరి మీదో సరిగ్గా చెప్పలేకపోయింది.

ఇంటికొచ్చాక బట్టలు కూడా మార్చుకోకుండా, విప్పిన పటం పట్టుకుని కొట్లోకి వెళ్ళింది. కొత్త అట్ట ముక్క తీసి బల్ల మీద పరిచింది. పెన్సిలు చెవి మీంచి తీసింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది.

"రా. నువ్వు కొయ్యి."

"నేనా?"

"నీ కవితేగా."

ఇంతకు ముందెన్నడూ ఆ కత్తి ఆ చేతికి ఇవ్వలేదు. పీట వేసి, స్కేలు మీద వేళ్ళు ఎక్కడ ఆనించాలో చూపించి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అంత దగ్గరగా నిలబడి చెయ్యి వెనక్కి తీసుకోవడం అద్దం కోయడం కంటే కష్టంగా ఉంది. పిల్ల నాలిక పంటి కింద పెట్టుకుని లాగింది. ఒక పక్క. రెండో పక్క. మూడోది. నాలుగో గీత చివర కత్తి మూల దగ్గర ఆగలేదు. గీత దాటి, తెల్లటి అట్టలోకి చీమ కాలంత దూరం వెళ్ళిపోయింది.

కత్తి అక్కడే వదిలేసి పిల్ల తలెత్తింది. అట్ట వైపు కాదు, అమ్మ మొహం వైపు.

'చూసుకోవాలి కదా' అన్న మాట తల్లి నాలిక చివరికి వచ్చి కూర్చుంది. ఏళ్ళుగా తెలిసిన దారి కదా, దానంతటదే వచ్చింది. మొహాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. మాటైతే మింగొచ్చు, చూపుని ఎలా మింగడం? అందుకని పిల్ల వైపు చూడటం మానేసి అట్ట ముక్క చేతిలోకి తీసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"రొట్టె అయితే సగం విరుచుకుని తినేసేదాన్ని" అంది. "అట్టని ఏం చెయ్యనే?"

పిల్లకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఒక్క చిన్న నవ్వు, ముక్కులోంచి, తుమ్ములా వచ్చింది. దాని వెనకే ఇంకోటి.

"ఇంకోటి కోస్తానమ్మా. ఇది పారేద్దాం."

"వద్దు. లైన్లన్నీ కనపడుతున్నాయిగా."

అలికిడి విని భర్త వచ్చి, కళ్ళు చిట్లించి మూల చూశాడు. "ఇది మన కొట్టునించి వెళ్తే మన పేరేం కానూ?"

"మీరు మేకులివ్వండి" అంది ఆమె.

కాగితం పెట్టి, ఆ అట్టే పెట్టి, అద్దం పెట్టి, పటాన్ని బోర్లా తిప్పింది. కూతురు రెండు చేతులతో చట్రం కదలకుండా పట్టుకుంది. రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. ఆమె చూసుకుంటూ, మెల్లగా, మొదటి మేకు కొట్టింది.